ఇచ్చేకాడ అనాత్మ, పుచ్చుకునేకాడ ఆత్మ: మంచం దిగకుండా ముక్తి పొందే పన్నెండు చిట్కాలు

ముక్తి కోసం ఇల్లూ వాకిలీ విడిచి అడవి పట్టిన కాలం వెనకబడింది. జఫర్‌గఢ్ కోట గుట్ట కింద ఒక వేపచెట్టు, దాని నీడన ఒక నులక మంచం, చేతికందే దూరంలో సెల్లు ఛార్జింగు పెట్టుకునే బోర్డు ఉంటే చాలు. బుద్ధుడు చెప్పినదాంట్లో సగం, చైనా దేశపు తావో గురువులు లావోత్సు, చువాంగ్‌త్సు చెప్పినదాంట్లో సగం తీసుకుని కలపండి. ఒంటికి చెమట పట్టదు, బాకీ తీర్చే పని ఉండదు, ఏ మాటకూ జవాబు చెప్పుకోనక్కర లేదు.

ఇలా కలపడానికి మహా పండితులే కొందరు ఒప్పుకోలేదు. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ మన కృష్ణా ఒడ్డున ధాన్యకటకంలో నెలల తరబడి కూర్చుని అభిధర్మం చదువుకున్నాడు. దేశానికి తిరిగి వెళ్లాక, 647లో, లావోత్సు గ్రంథాన్ని సంస్కృతంలోకి మార్చమని టాంగ్ చక్రవర్తి ఆజ్ఞ వేశాడు. ఆ పనిలో తావో పండితులు బౌద్ధం మాటలు తెచ్చి కలపబోతే హుయాన్‌త్సాంగ్ ఒప్పుకోలేదు. రెండూ వేరు వేరు దారులని పట్టుబట్టాడు. మీరు పట్టుబట్టకండి. ఏ దారి ఎక్కడ దగ్గరైతే అక్కడ ఆ దారిన పడండి.

ఒక్క నియమం గుర్తుంచుకోండి. ఏ గ్రంథమైనా మొదటి సగమే చదవాలి. రెండో సగంలో పని చెబుతారు.

1. ఏది దేనికి పనికొస్తుందో ముందే తేల్చుకోండి

బౌద్ధం "నేను" అనేదాన్ని విప్పి చూస్తుంది. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే అయిదు స్కంధాలు తప్ప లోపల కూర్చున్న యజమాని ఎవడూ లేడంటుంది; అనాత్మ అంటే అదే. సారనాథ్ దగ్గర బుద్ధుడు అయిదుగురు భిక్షువులకు చేసిన రెండో బోధ ఇదే. తావో మతం అలా విప్పదు. మనిషి తన గురించి తాను గింజుకోవడం మానేసి, చెట్టూ పుట్టా వాగూ వంకా నడిచే తీరులో కలిసిపోవాలంటుంది.

మేలుకోవడం కూడా రెండింటిలో రెండు రకాలు. బౌద్ధంలో దుఃఖాన్నీ, దాని మూలాన్నీ ఉన్నదున్నట్టు చూడాలి. తావోలో తెచ్చిపెట్టుకున్న తెలివితేటలను ఒక్కొక్కటే దించేసుకోవాలి. చివరికి బౌద్ధుడు తృష్ణ ఆరిపోయి మళ్లీ పుట్టుక లేని నిర్వాణం కోరతాడు. తావో సాధకుడు మార్పుతో పాటు సాగిపోవడం కోరతాడు. వాళ్లలో కొందరు ఏకంగా చావు లేని ఒంటినే కోరారు. టాంగ్ వంశపు చక్రవర్తులు కొందరు ఆ ఆశతో గుళికలు మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. అంత శ్రమ మీకు వద్దు.

మీరు చేయవలసిన విభజన తేలిక. అప్పులకు బౌద్ధం, పనులకు తావో. అప్పులవాడి ముందు "నేను లేను" అనాలి. పొలం గట్టు మీద "అదే అయితది" అనాలి. తారుమారు చేశారో, దెబ్బతింటారు.

2. అప్పులవాడు వస్తే అయిదు స్కంధాలను ముందుకు తోయండి

కిరాణం సేటు పొద్దున్నే వస్తాడు. మంచం మీదే కూర్చోండి. మాట ఇలా నడపండి.

"తమ్మీ, ఉగాది నుంచి ఖాతా నడుస్తాంది. ఎప్పుడిస్తవ్?"

"ఎవరియ్యాలె సేటూ? రూపమా, వేదనా, సంజ్ఞా, సంస్కారమా, విజ్ఞానమా? అయిదిట్ల ఎవలు తీస్కపోయిండ్రో సూపెట్టు."

"నువ్వే తీస్కపోయినవ్. నూనె పాకిట్లు నాలుగు, బియ్యం బస్తా, బీడీ కట్టలు."

"మనిషి క్షణక్షణం మారుతడు సేటూ. ఉగాదికి తీస్కపోయినోడు వేరు, ఇప్పుడు మాట్లాడెటోడు వేరు. వాణ్ని దొరకవట్టుకో, నేనూ నీ ఎంబడి వస్త."

సేటు ఖాతా పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోతాడు. మళ్లీ మీకు ఖాతా తెరవడు. దిగులు పడకండి. నూనె లేని ఇంట్లో తృష్ణ దానంతట అదే తగ్గుతుంది.

ట్రాక్టర్ కిస్తీ కోసం ఫైనాన్స్ వాళ్లు వస్తే మిళింద రాజు కథ ఎత్తుకోండి. భిక్షువు నాగసేనుడు ఆ రాజును రథం చూపించి అడిగాడు: చక్రాలు రథమా, ఇరుసు రథమా, కాడి రథమా అని. మీరూ అడగండి: టైర్లు ట్రాక్టరా, ఇంజను ట్రాక్టరా, ట్రాలీ ట్రాక్టరా? వాళ్లు విని, మూడింటినీ ఒక్కసారే పట్టుకుపోతారు. వాదం మీదే నెగ్గింది. ఇప్పుడు మీ వాకిట్లో నిజంగానే ట్రాక్టర్ లేదు.

ఆ కథ ఉన్న పుస్తకంలోనే మామిడిపండ్ల దొంగ కథ వస్తే ఆ పుట తిప్పేయండి. తోటవాడు నాటిన మామిడి వేరు, నేను తెంపిన మామిడి వేరు అని దొంగ వాదిస్తాడు. అయినా వాడు శిక్షకు తగినవాడే అంటాడు నాగసేనుడు, ఆ పండు ఈ చెట్టునుంచే వచ్చింది కాబట్టి. నిన్న చేసినవాడు వేరైనా ఫలం నేటివాడికి చేరుతుందని ఆయన లెక్క. సేటు చదువుకున్నవాడైతే ఈ కథ అతని చెవిన పడకుండా చూసుకోండి.

3. రావలసినచోట ఆత్మను వెనక్కి పిలవండి

రైతు భరోసా పడ్డ రోజు, తండ్రి భూమి పంచుకునే రోజు, చిట్టీ పాట మీకు తగిలిన రోజు అనాత్మ పనికిరాదు. ఆ రోజుల్లో మీరు ఉండాలి. పట్టాదారు పాసు పుస్తకం తీసి, ఫొటో మీద వేలు పెట్టి, "గీ మనిషిని నేనే" అని గట్టిగా చెప్పండి.

దీనికీ శాస్త్రం ఉంది. పాత బౌద్ధ శాఖల్లో పుద్గలవాదులని ఉండేవారు. స్కంధాలతో ఒకటి కాదు, వాటికి వేరూ కాదు, అయినా ఒక వ్యక్తి ఉన్నాడనేవారు. మిగతా శాఖలు వాళ్లను బాగా ఎదిరించాయి. కర్మఫలం ఎవరికి చెందాలో తేల్చడానికి వాళ్లు అంత తిప్పలు పడ్డారు. మీకు ఆ తిప్పలు అక్కర లేదు. పుచ్చుకునే రోజు పుద్గలవాది అవ్వండి, ఇచ్చే రోజు అంతా శూన్యమనే మాధ్యమికుడు అవ్వండి.

గట్టు పంచాయితీలో అన్న "తమ్మీ, మొన్న మోటరు ఖర్చుకు సగమియ్యి అంటే నువ్వు లేనంటివి గదా" అని అడుగుతాడు. "మొన్నటి సంగతి మొన్నోన్ని అడుగన్నా. గుంటలు మాత్రం నా పేరు మీద రాయి" అనండి. అన్న ఆ రోజు నుంచి మీతో మాట్లాడడు. ఒక బంధం తెగింది. లెక్కలో రాసుకోండి.

4. వడ్లు ఆరబోసినాక మంచం దిగకండి

తావో మతంలో అన్నిటికంటే లాభసాటి మాట వూ వెయ్. బలవంతం పెట్టకుండా, జరిగేదాన్ని జరగనివ్వడం. దీన్ని యాసంగి కోతలప్పుడు వాడండి.

కొనుగోలు సెంటర్ దగ్గర మీ వడ్ల కుప్ప ఉంటుంది. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. అందుకని జనం పొద్దున ఎండకు వడ్లు పరుస్తారు, కాళ్లతో తిరగేస్తారు, మాపటికి కుప్ప చేస్తారు, పైన పట్టా కప్పి అంచుల మీద రాళ్లు పెడతారు. ఇదంతా బలవంతం. మబ్బు పట్టినా, పక్క కుప్పలవాళ్లు పట్టాలు పట్టుకుని ఉరుకుతున్నా మీరు కదలకండి. "ఓ బావా, వాన మీదికొచ్చింది, పట్టా కప్పు" అని ఎవరైనా అరిస్తే, "నీళ్లు పల్లానికి పోవుడు వాటి గుణం బావా, మనమెందుకు అడ్డం?" అనండి.

మూడో నాడు వెళ్లి కుప్పలో చెయ్యి పెట్టి చూడండి. లోపల వెచ్చగా ఉంటుంది. పులిసిన వాసన వస్తుంది. పిడికెడు తీసి వెలుతురులో చూడండి. గింజ కొసన చీమ తలంత తెల్లటి మొలక కనిపిస్తుంది. మీరు విత్తనం నానబెట్టలేదు, మండె కట్టలేదు, అయినా మొలకొచ్చింది. చేయకుండా చేయడమంటే ఇదే. కాంటావాళ్లు ఆ వడ్లు వద్దంటారు. వాళ్లకు తావో తెలియదు.

ఇక్కడ రెండు పుటలు దాటేయాలి. ఒకటి చువాంగ్‌త్సు చెప్పిన కసాయి డింగ్ కథ. అతను వూ వెయ్‌కి నిలువెత్తు నమూనా అంటారు. కానీ 19 ఏళ్లుగా కత్తి పదును పోకుండా వేల పశువులను కోశాడు, కష్టమైన కీలు తగిలితే కళ్లు నిలిపి మెల్లమెల్లగా కోసేవాడు. అంత సాధన చేస్తేగాని చేయి దానంతటది నడవదని తేలుతుంది. రెండోది లావోత్సు గ్రంథంలో 64వ అధ్యాయం. చిక్కు రాకముందే సర్దుకొమ్మంటాడు. అంటే మబ్బు పట్టకముందే పట్టా కప్పమని. ఆ రెండూ చదివితే మంచం మీద నిద్ర పట్టదు.

5. పనికిరానివాడని పేరు తెచ్చుకోండి

చువాంగ్‌త్సు ఒక పెద్ద చెట్టు గురించి చెబుతాడు. వంకర కొమ్మలు, గంటు పడ్డ మొద్దు. వడ్రంగి దాని వైపు చూడను కూడా చూడడు. అందుకే దానికి గొడ్డలి దెబ్బ తగల్లేదు, నిండా నూరేళ్లు బతికింది. మీరూ ఆ చెట్టు కావాలి. ఒక్కో పనికి ఒక్కో ఉపాయం:

బర్రె పాలు పిండమంటే అది తన్నేలా పిండండి. రెండో రోజు ఎవరూ చెప్పరు.

పెళ్లిలో వడ్డించమంటే మొదటి బంతిలోనే సాంబారు బకెట్ ఒలకబోయండి.

మోటరు స్టార్టర్ చూడమంటే ఫ్యూజు కాల్చండి.

పిల్లలకు లెక్కలు చెప్పమంటే తప్పు చెప్పండి, అదీ నమ్మకంగా.

ఆసుపత్రికి తోడు రమ్మంటే బండిలో పెట్రోలు లేదనండి. పెట్రోలు వాళ్లే పోయిస్తామంటే హెల్మెట్ లేదనండి.

ఏడాదిలో ఊరంతా మిమ్మల్ని వదిలేస్తుంది.

ఆయన పుస్తకంలోనే ఇంకోచోట పనికిరాని చెట్టు కథ మళ్లీ వస్తుంది. అక్కడ ఆపేయండి. ఎందుకంటే ఆ వెంటనే ఒక ఇంటాయన చుట్టం వచ్చాడని బాతును కోయమంటాడు. అరిచే బాతు ఒకటుంది, అరవలేనిది ఒకటుంది. అరవలేనిదాన్ని కోయమంటాడు, పనికిరాదని. శిష్యులు బిత్తరపోయి అడిగితే చువాంగ్‌త్సు నవ్వి, పనికిరావడానికీ రాకపోవడానికీ మధ్య ఉంటానంటాడు, అదీ సరిపోదంటాడు. మీరు చెట్టు దగ్గరే ఉండిపోండి.

6. వీణ కథలో ఒక తీగే మీటండి

సోణుడనే భిక్షువుకు నడకలో ధ్యానం చేసి చేసి పాదాలు నెత్తురోడాయి. బుద్ధుడు వచ్చి, వీణ తీగను మరీ బిగిస్తే పలుకుతుందా అని అడిగాడు. పలకదన్నాడు సోణుడు. ఇక్కడ పుస్తకం మూసేయండి. పొద్దున అయిదింటికి పెట్టిన అలారం ఆపేసి, "మరీ బిగించొద్దన్నడు బుద్ధుడు" అని దుప్పటి కప్పుకోండి. మరీ వదులు చేస్తే పలుకుతుందా అన్న ప్రశ్న కూడా ఆయన అడిగాడు. అది మిమ్మల్ని ఉద్దేశించింది కాదు.

చైనాలో తావో గాలి సోకి పెరిగిన చాన్ బౌద్ధం నుంచి కూడా ఉదాహరణలు దొరుకుతాయి. పైజాంగ్ అనే గురువు జోలికి మాత్రం పోకండి. ముసలితనంలో ఆయన కష్టం చూడలేక శిష్యులు పలుగూ పారా దాచేస్తే, పని చేయని రోజు అన్నం ముట్టనని కూర్చున్నాడు. శిష్యులు భయపడి పనిముట్లు తిరిగి ఇచ్చారు. మీ ఇంట్లో ఎవరైనా పార దాస్తే చేతులెత్తి మొక్కండి, అన్నం మాత్రం మానకండి.

7. ఇంటావిడ అడిగితే బుద్ధుడిలా మౌనం పట్టండి

వచ్చగోత్తుడనే పరివ్రాజకుడు ఆత్మ ఉందా, లేదా అని అడిగితే బుద్ధుడు ఉలకలేదు, పలకలేదు. ప్రపంచం శాశ్వతమా కాదా, దానికి అంతు ఉందా లేదా అని మాలుంక్యపుత్తుడు నిలదీస్తే కూడా తేల్చలేదు. మీ ఇంట్లో వచ్చే ప్రశ్నలు ఇంతకంటే కఠినం: "పుస్తెలతాడు కుదవ పెట్టిన పైసలేవి?", "పిల్ల ఫీజు కట్టినవా?", "రాత్రి ఎక్కడున్నవ్?" మూడింటికీ ఒకటే జవాబు. కళ్లు సగం మూయండి. మెల్లగా ఊపిరి తీయండి. మాట్లాడకండి.

వచ్చగోత్తుడు వెళ్లాక ఆనందుడు అడిగితే బుద్ధుడు తన మౌనానికి కారణం వివరంగా చెప్పాడు. ఏ జవాబు చెప్పినా అడిగినవాడు ఇంకా గందరగోళంలో పడతాడని ఆయన చూసుకున్నాడు. మాలుంక్యపుత్తుడికి బాణం దెబ్బ తిన్నవాడి ఉపమానం చెప్పాడు. విషబాణం గుచ్చుకున్నవాడికి కావలసింది బాణం వేసినవాడి కులగోత్రాలు కాదు, ముందు బాణం పీకాలి. మీ విషయంలో బాణం దెబ్బ తిన్నది ఇంటావిడ. పీకే పని వైద్యుడిది, మీది కాదు.

నెల తిరిగేలోపు ఆమె పిల్లను తీసుకుని తల్లిగారింటికి పోతుంది. అప్పుడు తావో పక్కకు మారండి. భార్య చనిపోతే చువాంగ్‌త్సు కాళ్లు బారజాపి కూర్చుని, కుండ వాయిస్తూ పాడాడు. మీ ఆవిడ తల్లిగారింటికే పోయింది కాబట్టి స్టీలు గిన్నె చాలు. ఆమె పోయిన కొత్తలో తనకూ గుండె పట్టేసిందని, ఆమె పుట్టుకనుంచీ ఆలోచించుకుని దుఃఖం దిగమింగుకున్నానని ఆయన స్నేహితుడికి చెప్పుకున్న మాట వదిలేయండి. తిన్నగా గిన్నె దగ్గరికి వెళ్లండి.

8. నాగార్జునుడి దగ్గర మాయమయ్యే విద్య నేర్చుకోండి

బౌద్ధ గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చిన కుమారజీవుడి పేరుతో, శూన్యత బోధించిన ఆచార్య నాగార్జునుడి జీవితకథ ఒకటి ఆ భాషలో ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆయన, ముగ్గురు స్నేహితులు కలిసి కంటికి కనపడకుండా పోయే మందు సంపాదించి, రాజుగారి అంతఃపురంలో దూరారు. కొన్నాళ్లు సుఖంగా సాగింది. తర్వాత నేల మీద ఇసుక చల్లించారు. అడుగుల జాడ పట్టి గాలిలో కత్తులు తిప్పారు. ముగ్గురూ చచ్చారు. నాగార్జునుడు రాజుకు అతి దగ్గరగా నిలబడ్డాడు, అక్కడ కత్తి తిప్పరు కాబట్టి బతికాడు.

ఇందులో నేర్చుకోవలసినవి రెండు. ఒకటి, అప్పులవాళ్లు ఊళ్లో తిరిగే రోజు ఇసుక, బురద ఉన్న దారిన నడవకండి. చెప్పులు వేరేవాళ్ల వాకిట్లో విడవండి. సెల్లు స్విచాఫ్ చేయకండి, అనుమానం వస్తుంది. "కవరేజ్ ఏరియాలో లేరు" అని వచ్చేలా బావి గది మూలన పెట్టండి. రెండు, తప్పించుకోలేనప్పుడు పెద్దమనిషి పక్కన నిలబడండి. పంచాయితీ ఆఫీసు ముందు సర్పంచ్ భుజానికి భుజం ఆనించి నిలుచుంటే మీ మీదికి ఎవడూ గొంతు ఎత్తడు.

ఆ క్షణంలో కోరికే దుఃఖానికి మూలమని నాగార్జునుడికి తెలిసొచ్చిందని, బతికి బయటపడి సన్యసించాడని కథ ముగుస్తుంది. ముగింపులు అందరికీ ఒకేలా ఉండవలసిన పని లేదు.

9. ఏరు దాటగానే తెప్ప తగలేయండి

ఏరు దాటడానికి కట్టుకున్న తెప్పను, దాటాక నెత్తిన మోసుకుని తిరగొద్దన్నాడు బుద్ధుడు. చేప దొరికాక బుట్టను మరిచిపోవచ్చన్నాడు చువాంగ్‌త్సు. రెండు మతాలూ ఒక్కమాట మీదికొచ్చిన అరుదైన చోటు ఇది. ఇద్దరూ తమ బోధల గురించి, మాటల గురించి చెప్పారు. మీరు మనుషుల గురించి అనుకోండి.

కరోనా అప్పుడు వరంగల్ దవాఖానకు తీసుకుపోయిన మేనమామ ఒక తెప్ప. కాలేజీ ఫీజు కట్టిన పెద్దక్క ఒక బుట్ట. మామ కూతురి పెళ్లికి పిలిస్తే "ఏరు దాటినంక తెప్పతోటి ఏం పని" అనుకుని సెల్లు పక్కన పెట్టండి. అక్క రాఖీ కట్టడానికి వస్తే తలుపు వేసుకోండి. చీర పెట్టే ఖర్చు మిగులుతుంది. బుద్ధుడు తెప్ప సంగతి ఎత్తింది ఏ సందర్భంలో? ధర్మాన్ని తప్పుగా పట్టుకున్న ఒక భిక్షువును మందలిస్తూ. తోక పట్టుకుంటే పాము వెనక్కి తిరిగి కరుస్తుందని అదే చోట చెప్పాడు. ఆ సందర్భం చుట్టాలకు వివరించకండి.

10. పని ఉన్న రోజే ఫణిగిరి యాత్ర పెట్టుకోండి

బామ్మర్ది ఇంటి స్లాబు పోసే రోజు, లేదా పత్తి ఏరడానికి కూలీలు దొరకని వారం చూసుకోండి. "బుద్ధుని జాగ చూసొస్త" అని బయల్దేరండి. జనగామ వెళ్లి సూర్యాపేట దారి పట్టాలి. ఫణిగిరి గుట్ట మీద స్తూపం, చైత్యాలు, భిక్షువుల విహారాలు ఉన్నాయి. సున్నపురాతి తోరణాల మీద చెక్కిన బొమ్మలు ఎంత సన్ననివంటే, 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం బౌద్ధశిల్ప ప్రదర్శనలో ఫణిగిరి రాళ్లు కూడా నిలబడ్డాయి. 2024లో అక్కడే ఒక కుండలో 3,730 సీసం నాణేలు బయటపడ్డాయి.

మీరు గుట్ట ఎక్కకండి. కిందే బండి ఆపి, గుట్ట వెనక పడేలా ఒక సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టండి. దానికింద "వెతికేవాడే లేడు" అని రాయండి. ఆ బొమ్మలు చెక్కినవాళ్లు ఎన్నేళ్లు ఉలి పట్టారో, ఆ విహారాల్లో భిక్షువులు ఎన్ని వానాకాలాలు కూర్చున్నారో ఆలోచన వస్తే వెంటనే చాయ్ బండి దగ్గరికి వెళ్లండి. సాయంత్రం దాకా అక్కడే ఉండండి. అప్పటికి స్లాబు అయిపోతుంది. దావత్‌కు మాత్రం సమయానికి చేరుకోండి, కాలాన్ని వృథా చేయడం ధర్మం కాదు.

11. శూన్యతను ఇంటి కప్పు మీద కప్పండి

నాగార్జునుడి మూలమధ్యమకకారికలో 27 ప్రకరణాలున్నాయి. 409లో కుమారజీవుడు దాన్ని చైనా భాషలోకి తెచ్చాడు. లావోత్సు, చువాంగ్‌త్సు చదివి పెరిగిన సెంగ్‌జావ్ వంటి కుర్రవాళ్లు ఆయన శిష్యులయ్యారు. మన శూన్యతా, వాళ్ల తావో అక్కడే చేతులు కలిపాయి.

మీకు 25వ ప్రకరణం ఒక్కటి చాలు. సంసారానికీ నిర్వాణానికీ తేడా లేదని అక్కడ తేలుస్తాడు. తేడా లేనప్పుడు ఇక చేయవలసింది ఏముంది? రేకులు కారుతున్నాయా, కారడం శూన్యం. కరెంటు బిల్లు కట్టక మీటరు పీకారా, చీకటి శూన్యం. ఒళ్లు నొప్పులా, నొప్పి శూన్యం, కల్లు మాత్రం చల్లగా ఉండాలి.

24వ ప్రకరణం వైపు తల తిప్పకండి. శూన్యతను అరకొరగా పట్టుకున్న మందబుద్ధిని అది నాశనం చేస్తుందని, పామును పట్టరాని చోట పట్టినట్టేనని అక్కడ హెచ్చరిస్తాడు. వస్తువులు శూన్యం కాబట్టే మారగలవు, మారగలవు కాబట్టే మనిషి చేసే ప్రయత్నానికి ఫలం ఉంటుందని వాదిస్తాడు. ఆయనే రాజుకు రాసిన రత్నావళిలో రోగులకు వైద్యం, బాటసారులకు నీళ్లు, బీదవాళ్లకు ఆసరా ఏర్పాటు చేయమంటాడు. శూన్యమంటూనే ఇన్ని పనులు చెప్పే మనిషి పుస్తకం పూర్తిగా చదివితే మీ కప్పు మీరే బాగు చేసుకోవలసి వస్తుంది.

ఇక్కడిదాకా వచ్చారంటే ముక్తి దగ్గరపడింది. గుర్తులు చూసుకోండి. సెల్లు మోగదు. పెళ్లి కార్డులు మీ గడప దాటి పక్కింటికి పోతాయి. బర్రె అన్న కొట్టంలో ఉంది. పొలం కౌలుకు పోయింది, కౌలు పైసలు వడ్డీకి పోయాయి. "మా ఆయన", "మా తమ్ముడు", "మా అల్లుడు" అని మిమ్మల్ని ఎవరూ అనడం లేదు. స్కంధాలు ఒక్కొక్కటే విడిపోతున్నాయి.

12. విద్యను కొడుక్కి అప్పగించండి

బుద్ధుడికి ఒక్కడే కొడుకు, రాహులుడు. ఏడేళ్ల పిల్లవాడికి మొదట నేర్పింది నవ్వులాటకైనా అబద్ధం ఆడొద్దని. నీళ్ల గిన్నెలో అడుగున మిగిలిన కాసిని నీళ్లు చూపించి, అబద్ధానికి సిగ్గుపడనివాడి సాధన ఇంతేనన్నాడు. ఆ పాఠం మీవాడికి చెప్పకండి. పైనున్న పదకొండు చిట్కాలూ వాడి ముందే ఆచరించండి. సేటుతో మాట్లాడేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. తల్లి అడిగినప్పుడు మీ మౌనం చూడనివ్వండి. తల్లి చెల్లెను తీసుకుని వెళ్లిన రోజు వాణ్ని మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, గిన్నె వాడి చేతికే ఇవ్వండి. పిల్లలు విన్నది మరిచిపోతారు, చూసింది మరవరు.

వాడు పెద్దవాడై, సంపాదన మొదలుపెట్టి, పొయ్యి వెలిగించుకున్న రోజు పరీక్ష పెట్టండి.

"కొడుకా, ఇంత బువ్వ పెట్టురా. పొద్దుగాల నుంచి ఏం తినలే."

"ఆకలి ఎవరికి బాపూ? రూపానికా, వేదనకా?"

"నాకేరా. నీ బాపును."

"నన్ను సాదిన బాపు అప్పటాయన. ఆయనొస్తే పెడుత."

"నేనేరా ఆయన!"

"క్షణక్షణం మారుతడు మనిషి అంటివి గదా. దొరకవట్టుకో పో, నేనూ నీ ఎంబడి వస్త."

కోపం తెచ్చుకోకండి. సంతోషించండి. ఒక్క ముక్క పోకుండా పాఠం వాడికెక్కింది. ఇక వాడికి మీరు చెప్పవలసింది ఏమీ లేదు. మీకు వాడు పెట్టవలసిందీ ఏమీ లేదు. అప్పుగా గానీ ప్రేమగా గానీ ఈ ఊళ్లో మిమ్మల్ని పట్టి ఉంచే దారం ఒక్కటి కూడా మిగల్లేదు. మీరు కోరిన ముక్తి మీకు అందింది, తీసుకోండి.